నట్టు మీద పసుపు గీత

ఐసాయనను చేతిలో గుడ్డ లేకుండా చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. ఫ్యాక్టరీ నుంచి ఐసు దిమ్మలు తెచ్చి చేపల దుకాణాలకీ, పళ్ళరసాల బళ్ళకీ వేయడం ఆయన పని. పొద్దస్తమానం నీళ్ళతో పని కాబట్టి తుడవడమన్నది మొదట అవసరంగానే మొదలైంది. తరవాత అలవాటైంది, ఆ తరవాత జబ్బైంది. కూర్చోబోయే ముందు కుర్చీ తుడుస్తాడు. టీకొట్లో గ్లాసు అందుకుని తుడుస్తాడు, తాగాక మళ్ళీ తుడిచి తిరిగిస్తాడు. ఒకసారి ఎవరినో పలకరించడానికి వెళ్ళి, మాటల్లో పడి వాళ్ళ టీవీ, బల్ల, కిటికీ ఊచలు అన్నీ తుడిచేసి, వెళ్ళిన పనేమిటో మరిచిపోయి తిరిగొచ్చాడు. పెళ్ళయిన కొత్తలో భార్య కాస్త సిగ్గుపడింది. దుమ్ము దులిపే పని తనకు జన్మలో ఉండబోదని అర్థమయ్యాక ఆవిడ నోరు మెదపలేదు.

ఆయన తుడుపుకు అందరికన్నా ఎక్కువగా గురైంది ఆయన పికప్పు. పెళ్ళయిన ఏడాదే దాన్ని కొన్నాడు, అప్పటికే ఇద్దరు యజమానుల చేతులు మారిన బండి. ఒకప్పుడు నీలం రంగట. ఇన్నేళ్ళ తుడుపుకు ఆ నీలం అరిగి అరిగి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది. ఎన్ని బళ్ళో చూసి, పది మాటలు బేరమాడి, ఇదే కొను బావా అని పట్టుబట్టి కొనిపించింది భార్య తమ్ముడు. అప్పుడతను ఏదో షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. సెలవు రోజైతే చాలు, వచ్చి ఆ బండి కింద దూరేవాడు. ఏ భాగం విప్పితే ఏం రాలుతుందో అతనికి నేర్పింది ఈ బండే. అన్నానికి పిలిస్తే బండి కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం కదిలేవి.

అలాంటి బామ్మర్ది మెకానిక్కై, సొంత షెడ్డు తెరిచిన రోజున నలుగురిలో నోరు జారాడు. మీ బావ ఇంకా ఆ బండే నడుపుతున్నాడా అని ఎవరో అడిగితే, దాన్ని పాత ఇనుముకు వేసినా మోసుకెళ్ళిన కూలి గిట్టదు అన్నాడు. అందరూ నవ్వారు. కొత్త బల్లను తుడిచిపెడుతున్న ఐసాయన గుడ్డను అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. ఆయన గుడ్డ వదిలేయడం అదే మొదటిసారి కాబట్టి, వ్యవహారం ముదిరిందని భార్యకు అప్పుడే తెలిసిపోయింది.

ఇంటికి వచ్చి ఐసాయన ఒక ప్రతిజ్ఞ చేశాడు. నా బండినంటే నన్నన్నట్టే, వాడంతట వాడు ముందు మాట్లాడేదాకా నేను వాడితో మాట్లాడను అన్నాడు. ఈ మాట షెడ్డుకు చేరింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, ఆయనే ముందు మాట్లాడాలి అని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి ఇంటికొకడుంటే గడిచిపోతుంది. ఆ కుటుంబానికి ఇద్దరు దొరికారు.

అలా మూడు వేసవులు గడిచాయి. ఐసు వ్యాపారంలో కాలాన్ని వేసవులతోనే కొలుస్తారు. అన్నాళ్ళూ రాయబారం నడిపింది ఐసాయన భార్య. రాకపోకలు మాత్రం ఆగలేదు, మాటలే ఆగాయి. ఒకే మంచం మీద మోకాలికి మోకాలు తగులుతూ కూర్చుని, "ఏమే, మీ తమ్ముడికి మంచినీళ్ళు కావాలేమో అడుగు" అని ఈయనంటే, "ఇప్పుడే తాగానని చెప్పక్కా" అని అతనంటాడు. ఆవిడ ఇద్దరి మధ్యా నిలబడి చెబుతూ ఉంటుంది. చెప్పడంలో ఆవిడ పద్ధతి ఆవిడది. వాడి మొహం నాకు చూపించొద్దని చెప్పు అంటే, ఇంకాసేపు ఉండమంటున్నారురా అని చెబుతుంది. ఆయనకంత పొగరైతే నేను మళ్ళీ రానని చెప్పు అంటే, వచ్చే వారం వస్తాడటండీ అంటుంది. ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు ఇద్దరూ గోడకో, ఫ్యానుకో చెప్పుకునేవారు. ఆ ఇంటి ఫ్యానుకు తెలిసినన్ని కుటుంబ విషయాలు చుట్టాలకు కూడా తెలియవు.

ఇంతలో బండికి రోగమొచ్చింది. ఇంజను దగ్గర్నుంచి పొడుగాటి షాఫ్టొకటి వెనక ఇరుసు దాకా వస్తుంది. అది ఇరుసుతో కలిసేచోట రెండు చెవులున్న ఇనుప ముక్క ఉంటుంది, దాన్ని యోక్ అంటారు. ఆ చెవుల మధ్య క్రాస్ అనే చిన్న భాగం కూర్చుని తిరుగుతుంది. ఆ క్రాస్ అరిగింది. వేరొకడైతే తిన్నగా బామ్మర్ది దగ్గరికి పోయేవాడు. ఐసాయన కొత్త క్రాస్ తెచ్చుకుని, ఇంటి ముందు బండి కింద పడుకుని తానే వేశాడు. దాన్ని నెమ్మదిగా నొక్కి కూర్చోబెట్టాలి. గోటితో పోయేదానికి ఈయన గొడ్డలి తెచ్చాడు, అంటే ఐసు పగలగొట్టే సుత్తి తీసుకుని నాలుగు వేశాడు. క్రాస్ కూర్చుంది గానీ ఒక చెవి వంగిపోయింది.

అప్పట్నుంచి బండి కదిలినప్పుడల్లా వెనకాల టంగుమని మోగేది. ఏమిటా చప్పుడని అడిగినవాళ్ళకు రోడ్డు బాగాలేదని చెప్పేవాడు. కొత్తగా వేసిన రోడ్డు మీద కూడా అదే చెప్పాడు. చేపల దుకాణాల ఆడవాళ్ళకు మాత్రం ఆ చప్పుడు కలిసొచ్చింది. సందు మొదట్లో టంగుమనగానే తొట్లు బయటపెట్టుకునేవారు. అయితే ఆ అదురుకు దిమ్మలు దారిలోనే పగులుతున్నాయనీ, ముక్కల ఐసు త్వరగా కరుగుతోందనీ వాళ్ళే సణిగేవారు కూడా.

చివరికి ఒక మధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తున్నప్పుడు, నిండా ఐసుతో పోతున్న బండి వెనకాల ఆ చెవి తెగింది. షాఫ్టు ఊడి రోడ్డును గీరుకుంటుండగా బండి కొంత దూరం పోయి ఆగింది. పోయి పోయి ఆగిందెక్కడంటే సరిగ్గా బామ్మర్ది షెడ్డు ముందర.

బామ్మర్ది బయటికొచ్చాడు. బావ వంక చూడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, లేచి నిలబడ్డాడు.

"వచ్చావా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అని బండినడిగాడు.

ఐసాయన బానెట్ మీద చెయ్యి వేశాడు. "దారిన పోతూ ఆగాం. పని మీద రాలేదని చెప్పవే" అని బండితోనే అన్నాడు.

బండి ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెనకనుంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. బామ్మర్ది ఫోను తీసి అక్కను పిలిచాడు.

ఆవిడ ఆటోలో దిగేసరికి ఇద్దరూ బండికి చెరో వైపు నిలబడి ఉన్నారు. తమ్ముడు చెప్పడం మొదలెట్టాడు. యోక్ చెవి దానంతటది పోలేదు, ఎవరో సుత్తితో కొట్టారు, ఆ గాడిదెవరో కనుక్కో అక్కా అన్నాడు. గాడిదెవరో ఆవిడకు బాగా తెలుసు, ఆ రోజు సుత్తి అందించింది ఆవిడే. అయినా భర్త వైపు తిరిగి, ఎలా పోయిందని అడుగుతున్నాడండీ అంది. రోడ్డు బాగాలేదని చెప్పమన్నాడాయన. సరిగ్గా తెలియదంటున్నార్రా అని తమ్ముడికి చెప్పింది. ఇలా నాలుగు మాటలయ్యేసరికి బండి కింది నీళ్ళు సన్నని కాలవ కట్టి మురుగుకాలవ దాకా పోయాయి. ఆవిడ ఆ నీళ్ళను చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది. రోడ్డు మీద పోతున్న ట్రాలీ ఆటోను ఆపింది.

దిమ్మలు మార్చడానికి ఇద్దరూ చెరో కొక్కెం పట్టారు. ఒక్క మాట లేకుండా, ఎవరు ఎప్పుడు ఎత్తాలో, ఎవరు ఎటు తిరగాలో ముందే అనుకున్నట్టు చకచకా మార్చేశారు. ఆవిడ గోనెపట్టాలు కప్పి, వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంది. ఐసు నేను వేసొస్తానంది.

"మరి ఇక్కడ?" అన్నాడు ఐసాయన.

"చెప్పుకోడానికి మధ్యలో బండి ఉందిగా. నాకింక ఓపిక లేదండీ. దిమ్మలైనా కరుగుతున్నాయి గానీ మీరిద్దరూ కరగరు."

ఆటో వెళ్ళిపోయింది. ఇద్దరూ అది మలుపు తిరిగేదాకా చూసి, చేసేదిలేక బండిని షెడ్డులోకి నెట్టారు.

బండి వెనక భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, బామ్మర్ది కిందికి దూరాడు. యోక్‌ను పట్టి ఉంచేది మధ్యలో ఉన్న పెద్ద నట్టు. ఏళ్ళ తరబడి బిగిసి కూర్చున్న ఆ నట్టు ఒకడి బలానికి లొంగదు. ఒకడు యోక్ తిరగకుండా బారు పెట్టి పట్టుకోవాలి, ఇంకొకడు పానాకు పైపు తొడిగి లాగాలి. అందుకని ఐసాయన కూడా కిందికి దూరక తప్పలేదు. ఇద్దరూ వీపులు నేలకానించి, మొహాలు జానెడు దూరంలో పెట్టుకుని, ఇరుసు మధ్యలోని గుండ్రటి ఇనుప హౌసింగు వంక చూస్తూ పడుకున్నారు.

విప్పే ముందు బామ్మర్ది జేబులోంచి పసుపు రంగు సుద్దముక్క తీసి, నట్టు మీదుగా దాని మధ్యలోంచి పొడుచుకొచ్చిన చిన్న ఇరుసు కొస మీదికి ఒక గీత గీశాడు. ఎందుకు గీశావని అడిగే సంబంధం ఉంటే ఐసాయన అడిగేవాడే. లేదు కాబట్టి, ఏదో పిచ్చిగీత అనుకున్నాడు. పైపు షెడ్డు వెనకాల ఉందని బామ్మర్ది బండికి తెలియజేశాడు. ఐసాయన పాకుతూ పోయి తెచ్చాడు. ఇద్దరూ పళ్ళ బిగువున లాగగా లాగగా నట్టు కీచుమని అరిచి కదిలింది. నట్టు విప్పి, పుల్లరు బిగించి యోక్‌ను బయటికి లాగారు. తెగిన చెవి చూసి బామ్మర్ది నాలుక చప్పరించాడు.

"ఈ మోడల్ యోక్ ఇప్పుడు ఎక్కడా చేయట్లేదే. ఉంటే అటక మీద ఉండాలి" అని బండితో చెప్పి నిచ్చెన ఎక్కాడు.

అతను అటక మీద చాలాసేపు వెతికాడు. ఐసాయన ఒక్కడే బండి కింద ఉన్నాడు. చేతిలో నట్టు ఉంది, నట్టు నిండా జిడ్డు ఉంది, భుజం మీద గుడ్డ ఉంది, పక్కన డబ్బాలో కిరసనాయిలు ఉంది. ఇంక జరగాల్సింది జరక్క మానదు. నట్టును అద్దంలా తుడిచాడు. ఇరుసు కొస కూడా నల్లగా ఉండటం చూసి దాన్నీ తుడిచాడు. ఒక మూల సూదిమొనంత చుక్క ఎంత రుద్దినా పోలేదు. తుప్పు గుంట కాబోలనుకుని వదిలేశాడు గానీ, ఆ ఒక్క లోపం ఆయన మనసులో కాస్త ముల్లులా ఉండిపోయింది.

బామ్మర్ది దిగి వచ్చాడు. చేతిలో నూనె గుడ్డలో చుట్టిన మూట ఉంది. విప్పితే లోపల యోక్, తుప్పు మచ్చ లేకుండా మెరుస్తోంది. ఐసాయన దాని వంక చూసి, బండి వైపు మొహం తిప్పి, "ఇది ఎప్పట్నుంచి దాచాడో అడుగు" అన్నాడు.

"పోయిన వేసవిలో పాత ఇనుము దుకాణంలో కనిపించింది. ఈ పాతదానికి ఎప్పటికైనా కావాల్సొస్తుందని తెచ్చిపెట్టా" అన్నాడు బామ్మర్ది, అతనూ బండితోనే.

పాత ఇనుముకు వేయమన్నవాడు పాత ఇనుములో వెతికి దీనికి చెవులు తెచ్చిపెట్టాడు. తెచ్చి పడేయలేదు, ఏడాదిగా నూనె రాసి దాచాడు.  ఐసాయనకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతిజ్ఞ గుర్తొచ్చి దాన్ని మింగేసి, గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ గుడ్డకున్న జిడ్డంతా ముక్కు మీదుగా చెవి దాకా అంటుకుందని ఆయనకు తెలియలేదు.

కొత్త ఆయిల్ సీలు దిగింది. యోక్ ఎక్కింది. నట్టు చేత్తో తిప్పి, పానా తొడిగారు. బామ్మర్ది బిగిస్తూ బిగిస్తూ బండికి ధైర్యం చెప్పడం మొదలెట్టాడు. మొదట ఎంత బిగువుందో ఇప్పుడూ అంతే ఉండాలి, గుర్తుకు గుర్తు కలిసేచోట ఆపుతాను, పిసరంత ఎక్కువైనా లోపల బేరింగులు నలిగిపోతాయి, నీ బేరింగులు ఇంక ఏ అటక మీదా లేవు, ఆ తరవాత నిన్ను నిజంగానే ఇనుముకు వేయాలి అన్నాడు.

 గుర్తు ఏమిటో ఐసాయనకు ఇప్పుడర్థమైంది. అది తన భుజం మీది గుడ్డలో ఉంది. నట్టు వంక చూశాడు, అద్దంలా తళతళలాడుతోంది, పసుపన్నది మచ్చుకైనా లేదు. చెప్పాలి. చెబితే ప్రతిజ్ఞ పోతుంది, పైగా తప్పు తనదని తేలుతుంది. చెప్పకపోతే బండి పోతుంది. బండితో చెప్పి బండి ద్వారా చెప్పిద్దామని "ఏమే" అని మొదలెట్టాడు. కానీ అవతల బామ్మర్ది రెండు చేతులా పైపు పట్టి, కాలు తన్నిపెట్టి ఒక్క లాగు లాగబోతున్నాడు. అంత తిరుగుడు సందేశానికి వ్యవధి లేదు.

"ఆగు బామ్మర్దీ!"

పైపు ఆగింది. ఒట్టి ఆగు అయితే నట్టుతో అన్నానని బుకాయించవచ్చు. నట్టు బామ్మర్ది కాదు కదా. ఐసాయన కళ్ళు మూసుకుని మిగతాది కూడా చెప్పేశాడు.

"ఆ గీత నేను తుడిచేశాన్రా. అది గుర్తని నాకు తెలీదు. ఇంక ఎక్కడ ఆపాలో నీకు తెలీదు. ఈ బండి పోతే నేను... ఇంకోటి కొనుక్కోవచ్చు గానీ, ఇది పోకూడదు."

 బామ్మర్ది భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని ఐసాయన కంగారుగా చూశాడు. అతను నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి తల హౌసింగుకు కొట్టుకుని, తల రుద్దుకుంటూ కూడా నవ్వాడు.

"నీ చేతిలో గుడ్డ ఉండగా గీత నిలుస్తుందని నేనెలా అనుకుంటాను బావా? నువ్వు పైపు తేవడానికి వెళ్ళినప్పుడే పంచ్ పెట్టి చుక్కలు కొట్టా. నట్టు మీదొకటి, ఇరుసు మీదొకటి. ఇవి నువ్వు ఎంత తుడిచినా పోవు."

టార్చి వెలుతురులో చూపించాడు. తుప్పు గుంటనుకున్న ఆ సూదిమొనంత చుక్క అక్కడే ఉంది, దాని జత కూడా ఉంది. రెండింటికీ మధ్య ఇంకా కొంచెం దూరం ఉంది.

ఐసాయనకు ముందు ఒళ్ళు మండింది. మూడు వేసవులు కాపాడుకున్న ప్రతిజ్ఞ చుక్కంత కారణం లేకుండా మట్టిలో కలిసింది. తరవాత ఆ కోపం ఎటు పోయిందో పోయింది. ఇన్నాళ్ళుగా మొహం చూసి మాట్లాడని ఈ మనిషికి తన గుడ్డ ఎప్పుడు ఎక్కడికి పోతుందో తెలుసు, దానికి కూడా చోటుంచి పని చేస్తున్నాడు. అది తెలిసి ఆయనకు చిన్నపిల్లాడిలా సంతోషమేసింది.

"లాగు మరి, చూస్తావేం" అన్నాడు.

తరవాత ఇద్దరికీ నోళ్ళు ఆగలేదు. సుత్తితో కొట్టిన గాడిద ఎవరో ఒప్పుకోలు జరిగింది. షెడ్డు తెరిచిన రోజు అన్న మాటకు, అదేదో నవ్వించడానికి అన్నాను బావా, అన్నాక ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు అని బామ్మర్ది చెప్పాడు. మరి వచ్చి చెప్పొచ్చుగా అంటే, నువ్వు ప్రతిజ్ఞ చేశావుగా, నాకు పౌరుషం ఉండదా అన్నాడు. మాటల మధ్యలో చుక్కకు చుక్క కలిసింది. చేత్తో తిప్పి చూస్తే యోక్ మెత్తగా, ఎక్కడా పట్టకుండా తిరిగింది. షాఫ్టు ఎక్కించి కొత్త క్రాస్ వేసేటప్పుడు బామ్మర్ది ముందుజాగ్రత్తగా సుత్తిని దూరంగా తోసేశాడు.

ఐసు వేసి తిరిగొచ్చిన ఆవిడకు షెడ్డు గుమ్మంలోనే రెండు గొంతులు వినిపించాయి. బండి కింద నుంచి రెండు జతల కాళ్ళు బయటికున్నాయి. ఆవిడ అక్కడున్న పాత టైరు మీద కూర్చుండిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఇన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషి కాబట్టి, తెలుసుకోవలసింది ముందు అడిగింది.

"ముందు ఎవరు మాట్లాడారు?"

 

"నేనేనక్కా. ఉండబట్టలేకపోయాను" అన్నాడు బామ్మర్ది.

ఐసాయన ప్రతిజ్ఞ ఉత్తపుణ్యానికి బతికి వచ్చి చేతిలో పడింది. ఊరుకుంటే చాలు, రేపు వీధిలో మీసం మెలేసుకుని తిరగొచ్చు. ఆయన బండి కింద నుంచి పాకి బయటికొచ్చాడు, మొహం మీద ఒక చెవి నుంచి ముక్కు దాకా నల్లటి చారతో.

"అబద్ధమాడుతున్నాడే. నేనే ముందు మాట్లాడా" అన్నాడు.

కాదు నేనేనని బామ్మర్ది, నేనేనని ఈయన. ఇద్దరి గొంతులూ లేచాయి. ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మళ్ళీ మాటలు మానేసేట్టున్నారు, ఎవరైతే ఏమిటి, ముందు బండి కదులుతుందో లేదో చూడండి అంది.

బండి కదిలింది. గుమ్మం దాటి రోడ్డెక్కేదాకా టంగన్న చప్పుడు లేదు. చేపల దుకాణాలవాళ్ళు రేపట్నుంచి తొట్లు ఎప్పుడు పెట్టుకోవాలో వేరే దారి చూసుకోవాల్సిందే. ఐసాయన దిగొచ్చి, సంతోషంలో అలవాటు చొప్పున భార్య వైపు తిరిగి, మీ తమ్ముణ్ణి భోజనానికి రమ్మని చెప్పవే అన్నాడు.

"ఆ ఉద్యోగం మానేశాను. మీరే పిలుచుకోండి" అందావిడ.

ఐసాయన గొంతు సవరించుకున్నాడు. బండి కింద పడుకుని అంత మాట్లాడినవాడికి, ఎదురెదురుగా నిలబడేసరికి కొత్తగా అనిపించింది.

"బామ్మర్దీ, భోజనానికి రా."

బామ్మర్ది జిడ్డు చేత్తో బానెట్‌ను చరిచాడు. "వస్తానని చెప్పవే మా బావకి" అన్నాడు బండితో.

చెయ్యి పడ్డచోట అయిదు వేళ్ళూ నల్లగా అచ్చు పడ్డాయి. ఐసాయన భుజం మీది గుడ్డ తీశాడు. కాసేపు ఆ అచ్చు వంక చూసి, గుడ్డ మళ్ళీ భుజాన వేసుకుని, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు.